మూడు చుక్కల బండి

తేనెపెట్టెల షెడ్డు,
సోమవారం

ఒరేయ్ చిన్నోడా,

ఫోన్ చేయకుండా ఉత్తరం ఏమిటని మొహం చిట్లించకు. ఈ కొండ మీద సిగ్నలు కావాలంటే నీళ్ళ ట్యాంకు ఎక్కాలి. ఎక్కి చేసినా నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ ఇంకేదో పని చేసుకుంటుంటావు. కాగితమైతే కూర్చుని చదవక తప్పదు. పైగా నేను రాసిన ప్రతిదానికీ కార్బన్ కాపీ నా దగ్గర ఉంటుంది. రేపు నువ్వు "అలా రాయలేదే" అని తప్పించుకోవడానికి వీలుండదు.

సంగతేమిటంటే, బండి కొందామనుకుంటున్నాను. పాత పికప్పు. ఒక సర్వేయరుగారిది. కొండలూ గుట్టలూ కొలుస్తూ దానిమీదే తిరిగారట, ఇప్పుడు రిటైరయ్యారు. మామూలు పికప్పు కాదది. ఎత్తు లేపించారు, నాలుగు చక్రాలూ లాగుతాయి, టైర్లు నా నడుము దాకా వస్తున్నాయి. ముందు బంపరుకి ఇనప తాడు చుట్టుకునే మోటారు కూడా ఉంది. కొలత కర్రలు పెట్టుకోవడానికని వెనక బాడీ ఒక మూర పొడిగించారు.

ఎందుకు కావాలో నీకు తెలుసు. పైతోట ఆయన ఈసారి పూత మొత్తం నా తేనెటీగలకే ఇస్తానన్నాడు. అరవై పెట్టెలు పైకి చేరాలి. ఆ దారి నువ్వు చూశావుగా, లారీ సగంలోనే చతికిలబడుతుంది. పోయినేడు అక్కణ్ణించి మనుషుల చేత మోయించాను. ఆ కుదుపులకి పదకొండు పెట్టెల్లో రాణి ఈగలు చచ్చిపోయాయి. ఈసారి సొంత బండి లేకపోతే తోట ఇంకొకళ్ళకి ఇచ్చేస్తానని మొహం మీదే చెప్పాడు. పూతకి ఇంకా తొమ్మిది వారాలుంది. అది పోతే ఈగలకి తిండి ఉండదు, నాకూ ఉండదు. అప్పుడు పెట్టెలు అమ్మేసుకుని మీ ఇంటికొచ్చి మీ పిల్లలకి జడలు వేస్తూ కూర్చోవాలి. నువ్వూ నీ పెళ్ళామూ ఎన్నాళ్ళనించో అడుగుతున్నది అదే కదా.

ఆయన ధర బాగా తక్కువ చెబుతున్నాడు. నాకు నచ్చనిది అదొక్కటే. మంచి బండిని ఎవరైనా ఊరికే తగ్గించి ఇస్తారా? నువ్వు రోజూ తనిఖీ గుంటలో దిగి, బండ్లకింద దూరి ఇది బాగుంది, ఇది బాగులేదు అని సంతకాలు పెట్టేవాడివి. ఏమేం చూడాలో రాసి పంపు. నాకర్థమయ్యేలా రాయి.

నీ అక్క

*

తనిఖీ షెడ్డు, రెండో గుంట పక్కన బల్ల,
శనివారం

అనుమానాల అక్కా,

ఉత్తరం అందింది. ఇక్కడ మా వాళ్ళకి చూపించాను, మా అక్క బండి కొంటోంది అని. ఆ సర్వేయరుగారి మీద ఇప్పటినించే జాలిపడుతున్నారు.

నేను చెప్పేది బాగా విను. ఇంజను గురించి ఎక్కువ ఆలోచించకు. ఇంజను ఏం దాచుకోలేదు, పొగ చూస్తే తెలిసిపోతుంది. పొద్దున్నే వెళ్ళు, బండి చల్లగా ఉన్నప్పుడు. నువ్వు వస్తున్నావని ముందే స్టార్ట్ చేసి వేడిచేసి పెట్టాడంటే ఏదో ఉన్నట్టే. రంగు కొత్తగా ఉన్నచోట వేలితో తట్టి చూడు. టైర్లు నాలుగూ ఒకేలా అరిగాయో లేదో చూడు. ఒక్కటి మాత్రమే కొత్తదైతే ఎందుకని అడుగు, జవాబు కంటే జవాబు చెప్పేటప్పుడు మొహం ఎటు తిప్పుకున్నాడో గమనించు. ఆ విషయంలో నీకు నేను నేర్పక్కర్లేదనుకో.

అసలు చూడాల్సింది ఛాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనప చట్రం. బాడీ పొడిగించారన్నావు, అంటే ఛాసిస్ కోసి అతికించారన్నమాట. కింద గోనెపట్టా వేసుకుని పడుకుని, ఆ అతుకు ఎలా ఉందో చూసి నాకు రాయి. ఇంజను ఆగిపోతే దిగి తోసుకోవచ్చు. ఛాసిస్ విరిగితే తోయడానికి మనిషి మిగలడు. ఇంకోటి, ఖాళీ బండి చూసి మురిసిపోకు. వెనక నలుగుర్ని ఎక్కించి తొక్కించు. బరువు పడితేనే బండి నోరు తెరుస్తుంది.

మీ మరదలు అడగమంది, జడలు వేయడానికి ఎప్పుడొస్తున్నావని. నేను మాత్రం బండి బాగుంటే కొనమనే అంటాను. నిన్ను కొండ దించడం మా వల్ల కాదు.

నీ చిన్నోడు

*

తేనెపెట్టెల షెడ్డు,
గురువారం

ఒరేయ్ ఇంజనీరూ,

చూసొచ్చాను. నువ్వు చెప్పినవన్నీ చేశాను, చెప్పనివి కూడా నాలుగు చేశాను.

బండి చల్లగానే ఉంది. మొదటిసారికే స్టార్టయింది, పొగ లేదు. టైర్లు నాలుగూ సమానంగా అరిగాయి. సర్వేయరుగారు మనిషి మర్యాదస్తుడు, తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. బండి కాగితాలన్నీ తేదీలవారీగా ఫైలు చేసి పెట్టుకున్నాడు. ఇంత సవ్యంగా ఉన్నవాణ్ణి చూస్తే నాకు ఇంకా అనుమానం.

అనుమానం ఊరికే రాలేదు. ఒక రౌండు వేసొద్దామని బండెక్కాను. గుమ్మంలో వాళ్ళావిడ నిలబడి చూస్తోంది. మర్యాదకి "మీరూ రండమ్మా" అన్నాను. "నేనెక్కను. రెండేళ్ళయింది నేనా బండెక్కి" అంది. ఎందుకమ్మా అని అడిగేలోపే ఆయన హారన్ కొట్టి "ఈ హారన్ కొత్తది, వినండి" అన్నాడు. హారన్ వినిపించి మాట మార్చే మనిషిని నేనెక్కడా చూడలేదు.

రౌండు బాగానే జరిగింది. తిరిగొచ్చాక నేనూ, పక్కింటాయనా, దారినపోయే ఇద్దర్నీ పిలిచి వెనకెక్కి తొక్కాం. ఒక పక్క నుంచి కిర్రుమని ఒక మూలుగు. రెండో పక్క ఏమీ లేదు. మళ్ళీ తొక్కాం, మళ్ళీ అదే. ఆయన్ని అడిగితే "అది మొదట్నించీ ఉందండీ, ఏం కాదు, కిందికి దూరి చూడండి" అన్నాడు.

దూరాను. అతుకు నున్నగా ఉంది, రంగు పాతదే, పగులేమీ కనిపించలేదు. రెండు పక్కలా అతుకు పక్కనే ఇనుములో మూడేసి చిన్న చుక్కలున్నాయి, వరసగా, ఎవరో మేకుతో కొట్టినట్టు. ఆయన వాటినే వేలితో చూపించాడు. బాడీ పొడిగించిన షెడ్డులో, పని పూర్తయితేనే ఆ చుక్కలు కొడతారట. ఏడేళ్ళలో ఈ బండిని చూసిన ప్రతి మెకానిక్కూ ఆ చుక్కలు చూసి "ఇంకేం, దీనికి ఢోకా లేదు" అని లేచి వెళ్ళిపోయాడట. చేయించింది నువ్వు మొదట్లో పనిచేసిన ఊళ్ళోనే. ఆ ఊళ్ళో షెడ్లు వందుంటాయనుకో. ఆ మూడు చుక్కలు ఎవరివో నీకేమైనా తెలుసా?

నా తమ్ముడు ఫిట్టరని ఆయనకి చెప్పలేదు, చెబితే జాగ్రత్తపడతాడని. త్వరగా రాయి. ఇంకెవరో కూడా బండి అడుగుతున్నారట. అది నిజమో, నన్ను తొందరపెట్టడానికో.

నీ అక్క

*

తనిఖీ షెడ్డు,
బుధవారం

అక్కా,

ఆ బండి వద్దు.

అంత ఎత్తు లేపిన బండ్లు మలుపుల్లో ఊగుతాయి. డీజిలు తెగ తాగుతాయి. ఆ సైజు టైర్లు మీ వైపు దొరకవు. పైగా ఎడమ పక్క అతుకు నమ్మడానికి లేదు. ఇంకో బండి చూసుకో, పాతదైనా ఫర్వాలేదు, మార్పులు చేయనిది చూడు. నేనూ ఇక్కడ వాకబు చేస్తాను.

పని చాలా ఎక్కువగా ఉంది. తర్వాత రాస్తాను.

తమ్ముడు

*

తేనెపెట్టెల షెడ్డు,
సోమవారం

తమ్ముడికి,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెప్పను. ఏడు లైన్లుంది. టైరు గురించి అడిగితే రెండు పేజీలు రాసేవాడివి, ఏడు లైన్లతో తేల్చేశావు. వెటకారం లేదు. మరదలి మాట లేదు. నేను అడిగిన ఒక్క ప్రశ్నకీ జవాబు లేదు. ఆ చుక్కలు ఎవరివో తెలుసా అని అడిగాను. తెలిస్తే తెలుసనాలి, తెలియకపోతే తెలియదనాలి. నువ్వు అసలు ఆ మాట చూడనట్టే రాశావు.

మొదట ఏమనుకున్నానో చెబుతాను, దాచుకోవడం నాకు రాదు. మీరిద్దరూ కలిసి నన్ను కొండ దించడానికి వేసిన ఎత్తు అనుకున్నాను. బండి లేకపోతే తోట పోతుంది, తోట పోతే అక్క దిగొస్తుంది అని. రెండు రోజులు ఆ కోపంతోనే ఉన్నాను. పెట్టెలకి పొగ పెట్టే డబ్బా సరిగ్గా పట్టుకోక చేతి మీద నాలుగుచోట్ల కుట్టించుకున్నాను.

తర్వాత కార్బన్ కాపీ తీసి చూశాను. నేనేం రాశాను? "ఒక పక్క నుంచి మూలుగు" అని రాశాను. "రెండో పక్క ఏమీ లేదు" అని రాశాను. ఏ పక్కో రాయలేదు. ఉత్తరంలో ఎక్కడా కుడి లేదు, ఎడమ లేదు. మూడుసార్లు వెతికాను.

మరి నీకు ఎడమ అని ఎవరు చెప్పారు?

అది ఎడమే. నిన్న మళ్ళీ వెళ్ళి చూసొచ్చాను. ఈ ఉత్తరానికి జవాబు రాసేటప్పుడు గుంట పక్కన కూర్చుని రాయకు. ఇంట్లో కూర్చుని, తలుపేసుకుని రాయి.

అక్క

*

ఇల్లు,
శుక్రవారం

అక్కా,

ఎందుకంత రాద్ధాంతం? ఇన్నేళ్ళ అనుభవం నాది. ఏ పికప్పుకైనా డీజిలు ట్యాంకు ఎడమ పక్కే ఉంటుంది, బరువంతా అటు పడుతుంది, కాబట్టి ముందు అలిసిపోయేది ఎడమ పక్కే. ఆ లెక్కతో రాశాను. ఇందులో ఎత్తులూ లేవు, పైఎత్తులూ లేవు.

చుక్కల సంగతి నాకు తెలియదు. ఒక్కో షెడ్డుకి ఒక్కో అలవాటు ఉంటుంది.

నువ్వు మా ఇంటికి రావాలని మాకుంటే తప్పేముంది? పై గది ఖాళీగానే ఉంది. పెట్టెలు కొన్ని మేడ మీద పెట్టుకో. పిల్లలు రోజూ అడుగుతున్నారు. బండి గోల వదిలెయ్, ఒక్క నెల వచ్చి ఉండు, తర్వాత చూద్దాం.

నీ తమ్ముడు

*

తేనెపెట్టెల షెడ్డు,
బుధవారం

తమ్ముడికి,

ట్యాంకు కుడి పక్క ఉంది.

ఎడమ పక్క పనిముట్ల పెట్టె ఉంది, అదీ ఖాళీది. సర్వేయరుగారు మూత తీసి మరీ చూపించారు.

చిన్నప్పుడు పలక పగలగొట్టి, పిల్లి తోసేసిందని చెప్పినప్పుడు కూడా నువ్వు ఇలాగే ముందు పిల్లి గురించి వివరంగా చెప్పావు. నువ్వు అబద్ధం ఆడితే అందులో వివరాలు ఎక్కువవుతాయి.

నువ్వు ఏదో కడుపులో పెట్టుకున్నావు. బండి గురించే అయితే నాకు తెలియాలి. నువ్వు చెప్పకపోతే బండినే అడుగుతాను. వచ్చే బుధవారం పొద్దున్నే, ఈగలు బయటికి రాకముందే, ఇరవై పెట్టెలు ఎక్కించి పైతోట దాకా తోలి చూస్తాను. సర్వేయరుగారు ఒప్పుకున్నారు. తోలేది నేనే. విరిగేదేదో ఉంటే అక్కడ విరుగుతుంది, లేకపోతే ఆ సాయంత్రమే బండి కొనేస్తాను.

నేను బెదిరించడానికి రాయడం లేదని నీకు తెలుసు.

అక్క

*

ఇల్లు,
సోమవారం పొద్దున

అక్కా,

టపాలో వేస్తే ఇది బుధవారంలోపు చేరదు. అందుకని మీ వైపు వచ్చే బస్సు డ్రైవరు చేతికిచ్చి, నీ చేతిలోనే పెట్టమని చెప్పాను. ముందు ఒక్క మాట. ఆ బండి మీద పెట్టెలు ఎక్కించకు. నువ్వూ ఎక్కకు. మిగతాది నెమ్మదిగా చదువు.

ఆ మూడు చుక్కలు నావి.

నేను మొదట్లో పనిచేసిన పెద్దమేస్త్రీ షెడ్డులో ఒక చుక్క మేస్త్రీది, రెండు చుక్కలు రెండో ఫిట్టరువి, మూడు చుక్కలు నావి. ఛాసిస్ కోసి పొడిగించినప్పుడు అతుకు లోపల ఒక ఇనప పలక పెట్టి బిగించాలి. బరువు మోసేది ఆ పలకే. పైన కనిపించే వెల్డింగు మూత మాత్రమే. లోపలి పని అయిపోయాక ఫిట్టరు పక్కనే చుక్కలు కొడతాడు. అవి చూసి వెల్డరు పైన మూసేస్తాడు, ఆ తర్వాత రంగు పడుతుంది. చుక్క పడ్డాక ఎవరూ ఏమీ అడగరు. అది ఆ షెడ్డు పద్ధతి.

ఆ రోజు కుడి పక్క పలక పెట్టి బిగించాను. ఎడమ పక్క కొలత కుదిరిందో లేదో చూడ్డానికి పలక లేకుండానే ఊరికే అతికించి చూశాను. భోజనాల వేళయింది. చుక్కలు కొట్టే పంచ్, సుత్తి చేతిలోనే ఉన్నాయి. మళ్ళీ కింద దూరి వాటికోసం పాకులాడే ఓపిక లేక, రెండు పక్కలా ఒకేసారి చుక్కలు కొట్టేశాను. తినొచ్చి పలక పెడదామనే అనుకున్నాను అక్కా. తినొచ్చేసరికి మేస్త్రీ ఇంకో బండి దగ్గరికి తరిమాడు. నేనటు వెళ్ళాను, వెల్డరు చుక్కలు చూశాడు, మూసేశాడు.

సాయంత్రం సామాను సర్దుకుంటుంటే ట్రేలో పలక కనిపించింది. బండి అప్పటికే వెళ్ళిపోయింది. చిరునామా రిజిస్టర్లో ఉంది. పరిగెత్తుకెళ్ళి మేస్త్రీకి చెబితే సరిపోయేది. కానీ ఆ వారమే నన్ను రెండో ఫిట్టరుని చేస్తానని ఆయన అన్నాడు. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు రాకుండానే ఏడేళ్ళు గడిచిపోయాయి. మా వంటగది తలుపుకి అడ్డం పెట్టే ఇనప ముక్క చూశావుగా. అదే ఆ పలక. పారేయడానికి చెయ్యి రాలేదు.

చుక్కల సంగతి నువ్వు రాసినప్పుడు చదివిన కాగితం కింద పడేశాను. నువ్వు ఆ బండి కొనకపోతే చాలు, ఎవరికీ తెలియకుండా పోతుందనుకున్నాను. ఇలా నిన్ను మభ్యపెట్టాలని చూశాను. సిగ్గుగా ఉంది. స్వయంగా వచ్చి చెప్పాలి, కానీ నీ ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేదు.

చదివి ఇది చించెయ్. మా ఆఫీసులో తెలిస్తే ఇక నా సంతకం చెల్లదు. పిల్లలిద్దరూ చిన్నవాళ్ళు.

చిన్నోడు

*

తేనెపెట్టెల షెడ్డు,
బుధవారం

ఒరేయ్,

ఉత్తరం చించలేదు. అది తీసుకుని తిన్నగా సర్వేయరుగారింటికి వెళ్ళాను. వరండాలో కూర్చుని ఇద్దరికీ వినిపించాను, మొదటినించీ చివరిదాకా, ఒక్క ముక్క వదలకుండా. చివర నువ్వు చించెయ్యమన్నది కూడా చదివాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. వాళ్ళావిడ ఒకటే అడిగింది, "ఏ పక్క?" అని. ఎడమ పక్కమ్మా, అన్నాను. "నేను కూర్చునే పక్క" అంది. అప్పుడు చెప్పింది. ఆ బండెక్కిన మొదటి నెలనించీ తన కింద ఏదో మూలుగుతోందని చెబుతూనే ఉందట. ఆయన చుక్కలు చూపించి, నీకన్నీ భ్రమలు అనేవాడట. మెకానిక్కులూ అదే అన్నారట. అయిదేళ్ళు ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని ఆయన పక్కన కూర్చుని తిరిగింది. తర్వాత ఇక ఎక్కనంది. అప్పటినించీ ఆయన ఒక్కడే తిరుగుతున్నాడు, ఆవిడ ఒక్కతే ఇంట్లో ఉంటోంది. ఇద్దరూ కలిసి ఎక్కడికీ వెళ్ళలేదు. తక్కువ ధరకి అమ్మేస్తున్నది మోసం చేయడానికి కాదురా. ఇంట్లో ఆ గొడవ వదిలితే చాలని.

ఆయన్ని నేను దొంగ కింద లెక్కగట్టాను. ఎవర్ని అనుమానించాలో తెలియక, చుట్టూ ఉన్నవాళ్ళందర్నీ అనుమానించి, నిన్నొక్కణ్ణీ వదిలేశాను. ఛాసిస్ చూడమని నువ్వే కదా రాశావు. ఎంత ధీమాగా రాశావు.

నువ్వు నాకు నిజం చెప్పావని సంతోషించాలా? నేను సంతోషించలేకపోతున్నాను. ఎక్కబోయేది నీ అక్క అని తెలిశాక రాశావు. ఎక్కింది ఇంకొకరి అక్క కాబట్టి ఏడేళ్ళు నీకు తిన్నది అరిగింది, నిద్ర పట్టింది. ఆ ఇనప ముక్క తగిలి ఒకసారి నా బొటనవేలు పగిలింది, గుర్తుందా? నువ్వే కూర్చుని కట్టు కట్టావు. అప్పుడైనా నీ నోరు పెగల్లేదు.

నీమీద నాకు ప్రేమ పోలేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

ఇప్పుడు చేయాల్సింది విను. వచ్చే వారం శనివారం వాళ్ళింటికి వెళ్ళు. నేను రాను. నేనుంటే నా వెనక దాక్కుంటావు. ఆ అతుకు కోసి, ఆవిడ ఎదురుగా పని చెయ్యి. మీ ఆఫీసులో ఏం చెబుతావో నీ ఇష్టం. చెప్పకపోతే మాత్రం నీ సంతకం ఉన్న బండి ఇక నేనెక్కను.

అక్క

*

సర్వేయరుగారి వరండా,
ఆదివారం

అక్కా,

పని అయింది. సామాను సర్దుకుని, బస్సు టైము దాకా ఆయన బల్ల మీదే ఇది రాస్తున్నాను. ఆయనే కాగితమూ పెన్నూ ఇచ్చారు.

నిన్న పొద్దున గేటు దగ్గర నిలబడి, మూడు చుక్కలవాణ్ణి నేనేనండీ అన్నాను. తిడతారనుకుని వచ్చాను. తిట్టలేదు. "లోపలికి రా, బండి వెనకుంది" అన్నారు, అంతే. తిడితే బాగుండేది.

ఆవిడ కుర్చీ తెచ్చుకుని బండి పక్కనే కూర్చుంది. కోస్తున్నంతసేపూ కదల్లేదు. నిప్పురవ్వలు పడతాయి, దూరంగా ఉండండమ్మా అంటే, "అయిదేళ్ళు దానిమీదే కూర్చున్నాను" అంది. ఎడమ పక్క మూత తెరిచాను. "ఏముంది లోపల?" అని అడిగింది. ఏమీ లేదమ్మా, అన్నాను. ఆవిడ కుర్చీ దిగి, నేల మీద మోకాళ్ళమీద కూర్చుని, టార్చి వేసుకుని తొంగిచూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆయన్ని పిలిచింది. "రండి, చూడండి" అంది. ఆయన వచ్చి ఆవిడ పక్కనే కూర్చుని చూశారు. పైన వెల్డింగులో లోపలివైపు నుంచి వెంట్రుకంత పగులు ఉంది, సగం దాకా వచ్చేసింది. బయటికి ఏమీ కనిపించదు. నీ ఇరవై పెట్టెలతో ఆ ఎత్తు ఎక్కుతుందా అని ఆయన అడిగారు. ఎక్కదని చెప్పాను.

ఆయన మెట్టు మీద కూలబడ్డారు. ఆవిడ చెయ్యి పట్టుకుని, "నిన్ను నమ్మాల్సింది" అన్నారు. నేను అక్కడ ఉండకూడదనిపించి, పనిముట్లు కడుక్కునే నెపంతో కుళాయి దగ్గరికి వెళ్ళిపోయాను.

కొత్త పలకలు రెండు పక్కలా పెట్టాను, కుడిది కూడా తెరిచి మళ్ళీ చేశాను. ఆవిడ ప్రతి బిగింపూ చూసింది. ఇవాళ రాళ్ళ బస్తాలు ఎక్కించి ఊరు దాటి తోలి చూశాం. చప్పుడు లేదు.

ఆఫీసులో మంగళవారమే చెప్పేశాను. సంతకం పెట్టే పని తీసేశారు. ఇకమీద గుంటలో దిగి చూసి చెప్పడం వరకే నాది, సంతకం వేరేవాళ్ళది. జీతం కూడా తగ్గుతుంది. మీ మరదలు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, ఆ తలుపు దగ్గరి ముక్క ముందు బయట పారెయ్యమంది.

బండి అమ్మే సంగతి ఆవిడే నీతో మాట్లాడుతుందట.

చిన్నోడు

*

పైతోట, చెట్ల కింద,
మంగళవారం

ఒరేయ్ చిన్నోడా,

ఈ ఉత్తరం ఆలస్యమైందని నాకు తెలుసు. కోపంతో కొంతా, పనితో కొంతా.

బండి నేను కొనలేదు. ఆవిడ అమ్మనంది. "ఇప్పుడే కదమ్మా నాకు బండి వచ్చింది, అప్పుడే ఎలా ఇచ్చేస్తాను" అంది. నాకు ప్రాణం ఉసూరుమంది. పూతకి ఇంకా పన్నెండు రోజులుంది, చేతిలో బండి లేదు. నా మొహం చూసి ఆవిడే, "పెట్టెలు మేమే చేరుస్తాం, మాకూ వేరే పనేముంది" అంది. మూడు రోజులు, మూడు ట్రిప్పులు, రోజూ పొద్దున్నే. ఆయన తోలాడు, ఆవిడ ఎడమ పక్క సీట్లో కూర్చుంది. నేను వెనక పెట్టెల మధ్య. మలుపు దగ్గర నేను కళ్ళు మూసుకున్నాను, ఆవిడ మూసుకోలేదు. దారి పొడుగునా ఆ మనిషికి ఏవో కొండలు చూపిస్తూ, ఇది ఎప్పుడు కొలిచారు, అది ఎప్పుడు కొలిచారు అని అడుగుతూనే ఉంది. అరవై పెట్టెలూ చేరాయి. ఒక్క రాణి పోలేదు. పైతోట ఆయన లెక్కపెట్టుకుని, సరేనన్నాడు. ఈ ఏడు గడుస్తుంది.

కానీ ప్రతిసారీ వాళ్ళని అడగలేను. పెట్టెలు దించే వేళకి నా బండి నాకుండాలి. కింద రోడ్డు పక్కన ఇంకొకటి చూశాను. కలప మోసినవాళ్ళది. అదీ లేపించిందే, అదీ పొడిగించిందే. యజమాని నవ్వుతూ మాట్లాడతాడు, అప్పుడే నాకు ఒళ్ళు మండింది. ఆ సంగతి చెబితే సర్వేయరుగారి భార్య, "ఎవరు చూస్తారు దాన్ని?" అని అడిగింది. నాకు తెలిసినవాళ్ళెవరూ లేరమ్మా, అన్నాను. కావాలనే అన్నాను.

ఆవిడ, "మీ తమ్ముణ్ణే పిలువు" అంది. "లోపల ఖాళీగా ఉంటే బయటికి ఎలా కనిపిస్తుందో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు."

కాబట్టి రా. ఆదివారం బస్సుకి రా, పిల్లల్ని కూడా తీసుకురా. ఈసారి ఉత్తరంలో చెప్పించుకునేది లేదు. బండి కిందికి నువ్వు దూరు, నీ పక్కనే నేనూ దూరుతాను. టార్చి నేనే పట్టుకుంటాను.

అక్క